నూనె చేతులతో ఎక్కించిన రీలు

ఆదివారం పొద్దున ఏడు దాటిందంటే మా గల్లీలోకి కెమెరాలు దిగుతాయి. పదిమంది, ఒక్కోసారి పదిహేనుమంది. దబీర్‌పురా స్టేషన్ దగ్గర బండ్లు ఆపుకుని, మెడల్లో పట్టీలు వేసుకుని, ఎవరింటికో విందుకు వచ్చినట్టు నవ్వుకుంటూ వస్తారు. పెచ్చులూడిన గోడ కనిపిస్తే ఆగుతారు. తుప్పు పట్టిన తాళం కనిపిస్తే మోకాళ్ళ మీద కూర్చుంటారు. నిరుడు వానలకు మా వెనక గోడ సగం కూలింది. అది కట్టించలేక నేను తల దించుకుని తిరుగుతుంటే, ఒక కుర్రాడు దాని ముందు నిలబడి "ఎంత బాగుందో!" అన్నాడు. నీ నోట్లో మన్ను పడ అనుకున్నాను. గల్లీ మొదట్లో కొత్తగా సిమెంటు వేసిన జాగాను మాత్రం ఎవడూ కన్నెత్తి చూడడు. మేం బాగుపడితే వాళ్ళకు ఫొటో చెడిపోతుంది. నాకు వాళ్ళంటే పడదు, ఆ మాట దాచుకోవాల్సిన పని నాకు లేదు. నా భార్య లలిత మాత్రం నన్ను ఊరికే వదలదు. "నువ్వు గూడ గట్లనే తిరిగినోనివి గదా, ఇప్పుడేం పుట్టింది నీకు?" అంటుంది. ఆ మాటకు నాకు ఇంకా మండుతుంది.

మొన్నటి ఆదివారం వచ్చిన గుంపులో ఒక అమ్మాయి ఉంది. అందరి చేతుల్లో కొత్తరకం కెమెరాలుంటే, ఆమె చేతిలో నా కాలంనాటి రీలు కెమెరా. రీళ్ళు మళ్ళీ ఫ్యాషనయ్యాయట. మా తమ్ముడు మల్లేశం బర్రెల కొట్టం ముందు దున్నపోతును కడుగుతుంటే ఆమె ఒకటే పనిగా నొక్కుతోంది. నేను గడప మీద కూర్చుని మనసులో తిట్టుకుంటున్నాను. ఆమె కుడిచేత్తో రీలు జరిపే మీట తిప్పినప్పుడల్లా నా చూపు, నా ప్రమేయం లేకుండా, కెమెరాకు ఎడమ పక్కనున్న చిన్న చక్రం మీదికి పోయింది. రీలు కెమెరాల్లో లోపల రీలు నడిస్తే ఆ చక్రం దానంతటదే తిరుగుతుంది. ఆమెది తిరగడం లేదు. ఆమెకు తెలియదు. నాకు తెలుసు. అలా తిరగని చక్రాన్ని నేను జీవితంలో ఇంకొక్కసారే చూశాను, ఆ రోజు నోరు మూసుకున్నాను. ఆ ఒక్కసారి సంగతి ఇంతవరకు ఎక్కడా రాయలేదు, మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మాది పాల ఇల్లు. తాతల నాటినుంచి ఇదే గల్లీ, ఇదే కొట్టం. నేను ఎదిగిన ఇంట్లో గదులు రెండు, బర్రెలు పద్నాలుగు. మనుషుల కంటే వాటికే జాగా ఎక్కువ. పేడ, తౌడు, నానిన పత్తిచెక్క, పొంగిన పాలు – ఈ నాలుగు వాసనలూ కలిసి మా బట్టల్లోకి, పుస్తకాల్లోకి, అన్నంలోకి దిగేవి. బడిలో నా పక్కన కూర్చున్నవాడు ముక్కు మూసుకునేవాడు, నేను వాడి పలకను మోకాలికేసి విరగ్గొట్టాను. మా బాపు తెల్లవారకముందే లేచి ఒక్కో బర్రె వీపు నిమిరి, పేరు పెట్టి పిలిచి, అప్పుడు పొదుగు కడిగేవాడు. మనుషులతో అంత మెత్తగా మాట్లాడగా నేను వినలేదు. పాలల్లో చుక్క నీళ్ళు కలపడు. "నీళ్ళు గలిపినోని కొట్టంల బర్రె నిలువది" అని ఆయన వేదం. హోటళ్ళవాళ్ళు నీళ్ళ పాలు కావాలని తామే అడిగినా పోసేవాడు కాదు. మమ్మల్ని కన్న మా అవ్వ ఆ పంతాన్ని తిట్టుకుంటూనే కుడితి కుండ మోసేది. ఆ ఇంట్లో అబద్ధం చెప్పి బతకడం కష్టం, నిజం చెప్పి దెబ్బలు తప్పించుకోవడం అంతకంటే కష్టం.

బాపుకు దిష్టి భయం. పాల బిందె మీద బట్ట కప్పకుండా గడప దాటనిచ్చేవాడు కాదు. ఈనిన బర్రెను పదిరోజులు పరాయి మనిషికి చూపించడు. కెమెరా అంటే ఇక చెప్పనక్కర్లేదు. ఒకసారి ఎవరో విదేశీ దంపతులు కొట్టం ముందు నిలబడి కెమెరా ఎత్తితే, బాపు కుడితి బకెట్టు ఎత్తి వాళ్ళ కాళ్ళ ముందు కుమ్మరించాడు. "మనిషి కన్ను జూస్తె పక్కకు మల్లుతది. గా డబ్బా కన్ను జూసిందంటె పట్టుకోనే పోతది. పొదుగు ఎండుతదిరా" అన్నాడు మాతో. అలాంటివాడి కడుపున నేను పుట్టి, కంచన్‌బాగ్‌లో ఒక మిలిటరీ కార్ఖానాలో పనికి కుదిరి, అక్కడ తోటి పనివాడి దగ్గర పాత కెమెరా కొన్నాను. ఆరురోజులు కెమెరా అన్న మాటే నేరమైన గేటు లోపల పని, ఏడోరోజు మెడలో కెమెరా. బాపు దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు. ఆయనకు తెలియకుండా గడ్డివాములో బట్టలో చుట్టి దాచుకునేవాణ్ణి.

ఆదివారాలు మాత్రం నావి. పాలు పోసి వచ్చి, ఒళ్ళు రుద్దుకుని, ఎంత రుద్దుకున్నా పోని ఆ వాసనతోనే సైకిలెక్కేవాణ్ణి. మలక్‌పేటలో పొద్దున్నే పందెపు గుర్రాలను నడిపించి తెచ్చేవాళ్ళు. గోడవతల నుంచి వాటి ముక్కుల్లో పొగ కనిపించేది. మూసీ ఒడ్డున చాకలివాళ్ళు, దండేల మీద రంగు బట్టలు, మసీదు మెట్ల మీద పావురాలు – ఏది కనిపిస్తే అది తీసేవాణ్ణి. అయితే రీలుకు ముప్పై ఆరే. ఒక్కటి నొక్కాలంటే పదిసార్లు ఆలోచించేవాణ్ణి. ఇప్పుడు ఆ పిల్లలు ఒక్క పిల్లి కోసం నూరు నొక్కుతారు, నూరూ ఇంటికి పోకముందే చెరిపేస్తారు. నాకు ఆ ముప్పై ఆరు నెల జీతంలో ముక్క. అందుకే నేను గొప్పగా తీశానని కాదు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని తీశాను, అంతే.

తీసిన రీలు కడిగించడానికి మలక్‌పేటలో ప్రభాకరరావు గారి స్టూడియోకు పోయేవాణ్ణి. ఆయనది కృష్ణా జిల్లా. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, జేబులో మడిచిన రుమాలు. నన్ను చూడగానే ఆ రుమాలు తీసి ముక్కు తుడుచుకునేవాడు. జలుబుండి తుడుచుకున్నాడో, నా వాసనకు తుడుచుకున్నాడో ఇవ్వాళ్టిదాకా నాకు తేలలేదు. నేను మాత్రం రెండోదే అనుకుని ప్రతి ఆదివారం కోపం తెచ్చుకున్నాను. ఫొటోలు బల్ల మీద పరిచి, ఒక్కొక్కటి వేలితో పక్కకు నెట్టేవాడు. "ఏమిటయ్యా ఇదీ? గుర్రం తోకా, ఆకాశమూనా? గుర్రమేదీ? ఫొటో తియ్యడమంటే గేదె పాలు పిండటం కాదు నాయనా, చూసి తియ్యాలి" అనేవాడు. "నిన్న వచ్చిన సార్, మీరు లేకుండిరి" అంటే, "వచ్చిన ఏమిటీ, వచ్చాను అనాలి" అనేవాడు. ఇదిగో, ఇప్పుడు ఈ కాగితం మీద నేను రాస్తున్న 'వచ్చాను'లన్నీ ఆయన తగిలించినవే. అది తలుచుకుంటే కలం విసిరికొట్టాలనిపిస్తుంది.

కానీ పని నేర్పాడు. ఆ మాట కూడా పళ్ళు నూరుకుంటూనే రాస్తున్నాను. డార్క్‌రూమ్‌లో ఎర్రలైటు కింద తన పక్కన నిలబెట్టుకుని మందునీళ్ళలో కాగితం మీద మొహం ఎలా తేలుతుందో చూపించాడు. కెమెరా వెనక మూత తీసి, రీలు కొసను ఎలా దూర్చాలో, పళ్ళకు ఎలా పట్టించాలో పదిసార్లు చేయించాడు. మూత వేశాక తప్పకుండా ఒక మాట అనేవాడు. "మీట తిప్పినప్పుడల్లా ఎడమ చక్రం చూసుకో. అది తిరిగితేనే రీలు నడుస్తున్నట్టు. తిరక్కపోతే నువ్వు ఉత్తి డబ్బా నొక్కుతున్నట్టు." ఎన్నోసారో చెప్పినప్పుడు నాకు విసుగొచ్చి, "తెల్సు సార్, చిన్నపోరన్ని గాదు" అన్నాను. ఆయన నవ్వి రుమాలు తీశాడు.

ఆ ఏడు మా కొట్టంలో రాజు ఉన్నాడు. దున్నపోతు. నల్లగా, కొండలా పెరిగాడు. దీపావళి తర్వాత మా వాళ్ళంతా దున్నపోతులను సింగారించి ఊరేగించే సదర్ పండగ వస్తుంది. ముందటేడు సదర్లో రాజు ముందుకాళ్ళు గాల్లోకి లేపి నిలబడితే జనం ఈలలు వేశారు. అప్పటినుంచి బాపు నడక మారింది. అయితే పక్క గల్లీ పెంటయ్య తన పోతుతో ఫొటో దిగి, పటం కట్టించి, వచ్చినవాళ్ళందరికీ చూపించడం మొదలుపెట్టాడు. బాపు నెలరోజులు ఓర్చుకున్నాడు. తర్వాత ఒకరోజు గడ్డివాము దగ్గరికి పోయి, నా కెమెరాను బట్టతో సహా తెచ్చి నా ముందు పెట్టాడు. అది అక్కడుందని ఆయనకు మొదటినుంచీ తెలుసన్నమాట. "సదర్ నాడు నాది, రాజుగానిది తియ్యి. ముప్పై ఆరొస్తయంటివి గద, అన్నీ మావే దియ్యాలె. ఒక్కటి గూడ వేరేటోళ్ళది వద్దు" అన్నాడు. దిష్టి సంగతేమిటని అవ్వ అడిగింది. "నా కొడుకు దీస్తె దిష్టెట్ల తాకుతది?" అన్నాడు. నా గురించి ఆయన అంత నమ్మకంగా అన్న మాట అదొక్కటే.

సాయంత్రం ఊరేగింపులో తీయడానికి నా దగ్గర ఫ్లాష్ లేదు. అందుకని పొద్దున్నే, ఇంటి ముందే తీయాలనుకున్నాం. తెల్లవారకముందే రాజును కడిగాం. నేనూ, పందొమ్మిదేళ్ళ మల్లేశమూ రెండు పక్కలా నిలబడి ఒళ్ళంతా నూనె పట్టించాం, కొమ్ములకు రంగు వేసి, నెమలీకలు కట్టి, మెడకు గవ్వల పట్టీ చుట్టాం. నూనె మోచేతులదాకా కారింది. బాపు తెల్లధోవతి కట్టి, గులాబీరంగు రుమాలు తలకు చుట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "ఏందిరా ఆలశ్యం? ఎండ నెత్తిమీదికొస్తున్నది. చుట్టాలిండ్లకు దిప్పాలె వీన్ని" అని అరిచాడు. కెమెరాలో రీలు ఇంకా ఎక్కించలేదు. చేతులు లుంగీకి తుడుచుకున్నాను. అది కూడా నూనె లుంగీయే. రీలు కొస దూర్చాను, మీట తిప్పాను, పట్టుకున్నట్టే అనిపించింది, మూత వేశాను. రావుగారు పదిసార్లు చేయించిన పనే. ఆయన నాకు అన్నీ చెప్పాడు కానీ, దున్నపోతుకు నూనె రాసిన చేతులతో ఎక్కించకు అని చెప్పలేదు. ఆయన ఊహకు అది ఎలా అందుతుంది?

బాపు రాజు మెడ మీద చెయ్యి వేశాడు. గల్లీ అంతా గుమిగూడింది. పెంటయ్య కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు. నేను నొక్కుతున్నాను, మీట తిప్పుతున్నాను. పదో ఫొటో దగ్గర అనుకుంటా, చక్రం చూశాను. తిరగడం లేదు. చూడలేదని నాకు నేనే చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. చూశాను. వేలు దానిదాకా పోయింది. కొంచెం తిప్పి చూస్తే చాలు, బిగువు తగలకపోతే లోపల రీలు పట్టుకోలేదని తేలిపోతుంది. మూత తీసి, చేతులు కడుక్కుని, అదే రీలు మళ్ళీ ఎక్కించడం రెండు నిమిషాల పని. కానీ "ఇప్పటిదాకా తీసినవి ఉత్తవి బాపు" అని పెంటయ్య ముందు, గల్లీ ముందు అనాలి. బాపు చెయ్యి ఎంత బరువో నాకు తెలుసు. ఆ నమ్మకం పోతే మళ్ళీ రాదని ఇంకా బాగా తెలుసు. వేలు వెనక్కి తీసుకున్నాను. ఉత్తి డబ్బా నొక్కుతూ పోయాను. "జర మొఖం ఇటు దిప్పు బాపు, గడ్డం లేపు" అని కూడా అన్నాను. ముప్పై ఆరు దాటింది, ముప్పై ఎనిమిది అంకె వచ్చింది. నిజంగా రీలు నడిచి ఉంటే అన్ని రావు. "ముప్పై ఎన్మిది వచ్చినయి బాపు" అంటే, ఆయన పెంటయ్య వైపు చూసి మీసం దువ్వి, "మస్తు!" అన్నాడు. ఆ సాయంత్రం గడ్డివాము చాటున రీలు వెనక్కి చుడితే రెండు తిప్పులకే ఖాళీగా తిరిగింది. అయినా తీసుకుపోయి రావుగారికిచ్చాను. ఏ దేవుడైనా లోపల ఫొటోలు వేసి ఉంటాడేమోనని ఆశ.

మర్నాడు కార్ఖానా నుంచి నేరుగా పోయాను. రావుగారు కడిగిన రీలును దండెం మీంచి తీసి నా చేతిలో పెట్టాడు. మొదటినుంచి చివరిదాకా గాజుముక్కలా ఖాళీ. "అంచు చూడు" అన్నాడు. ప్రతి రీలు అంచునా కంపెనీవాళ్ళు వేసిన ఒకటి, రెండు, మూడు అంకెలు ఉంటాయి, మందు సరిగ్గా పనిచేస్తేనే అవి నల్లగా తేలుతాయి. ముప్పై ఆరూ చక్కగా తేలాయి. అంటే కడగడంలో తప్పు లేదు, రీలు మీద వెలుతురే పడలేదు. "చక్రం చూసుకోలేదు కదూ?" అని పకపకా నవ్వాడు. "మీ రాజుకున్నంత జ్ఞానం కూడా నీకు లేకపోయిందయ్యా!" ఆయన ఆ మాట అనకపోయి ఉంటే నేను ఇంటికి పోయి నిజం చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణి కాదు. కానీ ఆ మాట నాకు మంచి సాకు అయింది. సైకిలు మీద దారి పొడుగునా ఆ నవ్వునే నమిలాను. గడప దగ్గర బాపు నిలబడి ఉన్నాడు. పటం తగిలించడానికి గోడకు మేకు కూడా కొట్టి ఉంచాడు. "ఏవిరా ఫొటోలు?" అన్నాడు. "స్టూడియో ఆయన కరాబ్ జేసిండు బాపు. మందుల నానవెట్టి మర్శిపోయిండు" అన్నాను. అనుకున్నదానికంటే చాలా తేలిగ్గా వచ్చింది నోట్లోంచి.

మరుసటి రోజు బాపు, మల్లేశం, మా చిన్నాయనలు ఇద్దరు, వెనక నేను, స్టూడియో మీదికి పోయాం. బజారు చుట్టూ చేరింది. "ఏం సారూ, నా ఫొటోలు నాశ్నం జేసి నా కొడుకును జూసి నవ్వినవంట? మేము పాలోళ్ళమని అంత అలుసా?" అని బాపు గొంతెత్తాడు. రావుగారు మొదట బిత్తరపోయాడు. తర్వాత లోపలికి పోయి రీలు తెచ్చి వెలుతురుకు ఎత్తి పట్టాడు. "పెద్దాయనా, ఈ అంకెలు చూడండి. నేను పాడుచేస్తే ఇవీ పోయేవి. మీ అబ్బాయికి తెలుసు. చెప్పవయ్యా సత్యం!" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. ఆ బజారు మొత్తంలో ఆ అంకెల అర్థం తెలిసినవాళ్ళం ఇద్దరమే. "అంకెలు ఎట్లయినా వస్తయి బాపు, అవి కంపెనీయి" అన్నాను. రావుగారి చెయ్యి మెల్లగా కిందికి దిగింది. ఆయన రీలు చుట్టుకోసాగాడు. మల్లేశానికి మాత్రం అంత ఓపిక లేదు. "మా అన్న అబద్దమాడ్తడా?" అని పెళ్ళికూతుళ్ళ ఫొటోలున్న అద్దం మీద పిడికిలి గుద్దాడు.

అద్దం పగిలి వాడి అరచేతిలోకి దిగింది. రక్తం చూసి బాపు కూడా చల్లబడ్డాడు. రావుగారు జేబులోంచి ఆ రుమాలు, నేను అన్నాళ్ళూ అసహ్యించుకున్న ఆ మడత రుమాలు తీసి, వాడి చెయ్యి గట్టిగా కట్టి, "ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నాడు. ఆ మంచితనం కూడా నాకు గిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గాయం మానింది కానీ కుడిచేతి చివరి రెండు వేళ్ళు ఇవ్వాళ్టిదాకా ముడుచుకోవు. పాలు పిండేవాడికి వేళ్ళు ముడవకపోవడమంటే ఏమిటో పాల ఇంట్లో పుట్టినవాడికే తెలుస్తుంది. వాడు బతుకంతా ఎడమచేతితో, మిగిలిన మూడు వేళ్ళతో పిండాడు. మా వాళ్ళెవరూ ఆ స్టూడియో గడప తొక్కకూడదని బాపు ఒట్టు పెట్టించాడు. ఆ పెళ్ళిళ్ళ కాలంలో మా వాళ్ళ పెళ్ళి ఫొటోల పని ఒక్కటీ ఆయనకు పోలేదు. మరుసటి వానాకాలానికి స్టూడియో మూతపడింది. రావుగారు ఎక్కడికి పోయాడో నేను అడగలేదు. మలక్‌పేట గుర్రాల ఫొటోలు మానేశాను. ఇంకో ఏడాదికి కెమెరాయే మానేశాను.

ఆ సదర్ తర్వాతి ఎండాకాలంలోనే రాజుకు రోగం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. "ఫొటో దిగినంక దిష్టి తాకింది" అని అవ్వ ఏడ్చింది. దిష్టి తాకడానికి అసలు ఫొటోయే లేదని నాకొక్కడికే తెలుసు. బాపు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నీ రావుగారినే అన్నాడు. ముసలితనంలో మంచం మీద పడుకుని వచ్చినవాళ్ళకల్లా ఆ ఫొటో గురించి చెప్పేవాడు, చూసినట్టే చెప్పేవాడు. "రాజుగాని మెడ మీద చెయ్యేసి గిట్ల నిలవడ్డ. రుమాలు గిట్ల ఉండె. మా సత్తిగాడు మస్తు దీసిండు, గా ఆంధ్రోడు కరాబ్ జేసె గని." నేను పక్కన కూర్చుని తల ఊపేవాణ్ణి. ఆయన పోయాక ఇప్పుడు ఆ మేకుకు వేలాడేది ఓటరు కార్డు మీది బొమ్మ, పెద్దది చేయించింది. అందులో ఆయన ఎవరో దొంగలా ఉన్నాడు.

ఇక మొన్నటి ఆదివారం. ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "అంకుల్, చూడండి, ముప్పై తొమ్మిది వచ్చింది! ఇంకా అవ్వలేదు రీలు" అని మురిసిపోయింది. నిజం రాస్తున్నాను, మొదట నాకు సంతోషమేసింది. ఏడువు, ఇంటికి పోయి ఏడువు అనుకున్నాను. ఇంతలో మల్లేశం దున్నపోతు మెడ మీద తడిచెయ్యి వేసి ఆమె వైపు తిరిగాడు. బాపు నిలబడ్డట్టే నిలబడ్డాడు. "నాదొక కాపీ పంపుతవా బిడ్డా? మా ఇంట్ల మంచి ఫొటో ఒక్కటి గూడ లేదు" అని అడిగాడు. "తప్పకుండా అంకుల్" అంది ఆమె. అప్పుడిక నేను ఆగలేకపోయాను. "ఎడమ పక్క చక్రం జర దిప్పి చూడు" అన్నాను. తిప్పింది. ఏ బిగువూ లేకుండా వదులుగా తిరిగింది. ఆమె మొహం పాలిపోయింది. "షాపతనే ఎక్కించిచ్చాడు అంకుల్. వాడి సంగతి చెప్తాను!"

"వాన్నేమనకు" అని అరిచాను. నా గొంతుకు నేనే ఉలిక్కిపడ్డాను. "చూసుకోవాల్సింది నువ్వు. మూత దీసి మల్ల ఎక్కిచ్చుకో, రెండు నిమిషాల పని. నాది గూడ గిట్లనే అయింది, నేను నోరు మూసుకున్న." మల్లేశం చేతిలో చెంబు ఆగింది.

"ఏ ఫొటో అన్నా?"

"బాపుది. రావుగారు కరాబ్ జెయ్యలే తమ్మీ. నూనె చేతులతోని నేనే సక్కగ ఎక్కియ్యలే."

"నీకు ఎప్పుడు తెల్సింది?"

"అప్పుడే."

"నేను అద్దం గుద్దినప్పుడు గూడ తెల్సా?"

"తెల్సు" అన్నాను.

వాడు తన చెయ్యి చూసుకోలేదు. నా మొహమూ చూడలేదు. చెంబు కింద పెట్టి, దున్నపోతు వీపు మీద నీళ్ళు అరచేత్తో దులిపాడు. అమ్మాయి రీలు మళ్ళీ ఎక్కించుకుని భయం భయంగా నిలబడింది. "తియ్యమ్మా, నేనీడనే ఉంట" అని ఆమెతో మెత్తగా అన్నాడు. తర్వాత నాతో, అదే గొంతుతో, "నువ్వు జర పక్కకు జరుగన్నా. ఫొటోల పడుతున్నవ్" అన్నాడు. జరిగాను. ఈసారి ఎడమ చక్రం తిరిగింది.

బాపు పోయి ఇల్లు రెండు వాటాలైననాటి నుంచి ప్రతి పొద్దునా మల్లేశం ఒక చెంబెడు పాలు మా వాటా గడప మీద పెట్టి పోయేవాడు. వానొచ్చినా, జ్వరమొచ్చినా ఒక్కరోజు తప్పలేదు. సోమవారం పాలు రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం లలిత స్టేషన్ దగ్గర దుకాణానికి పోయి పాకెట్ కొనుక్కొచ్చింది. మా ఇంట్లోకి పాకెట్ పాలు రావడం అదే మొదటిసారి. ఏం జరిగిందని అడిగింది, చెప్పాను. రోజూ రెండు గ్లాసులు తెచ్చి నా పక్కన కూర్చుని తాగే మనిషి, చాయ్ పెట్టి ఒక్క గ్లాసే తెచ్చి నా ముందు పెట్టింది.